ఫ్రిజ్‌లో ఒకే ఒక్క బ్యాగు

గుండె ఆపరేషన్ అయి బయటపడిన మనిషి డాక్టరుకు దండం పెడతాడు. నర్సుల చేతులు పట్టుకుంటాడు. వీల్‌చైర్ తోసినాయనకు కూడా కృతజ్ఞత చెప్పుకుంటాడు. తన గుండె ఆగి ఉన్న గంటన్నర సేపు తన నెత్తురును ఒళ్లంతా తిప్పిన మనిషి ఇంకొకరున్నారని మాత్రం ఆయనకు తెలియదు. ముప్పై నాలుగేళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. పెర్‌ఫ్యూజనిస్టు అంటారు. మా అమ్మకు ఆ మాట చివరిదాకా నోరు తిరగలేదు. "మా ఎస్తేరు మోటరు ఆడిస్తాది" అని చర్చిలో అందరికీ చెప్పేది. మదనపల్లె చుట్టుపక్కల మోటరంటే బోరుబావి మోటరే కాబట్టి, "ఎన్ని అడుగుల్లో నీళ్లు పడినాయమ్మా?" అని నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు.

నేను రిటైరై మదనపల్లె చేరాక, కుప్పంలో ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఫోన్ చేసి, చూసినవి రాసిపెట్టమన్నారు. నాకొచ్చిన ప్రమోషన్లు, నేను నింపిన రిజిస్టర్లు మీకెందుకు? ఒక్క ప్రశ్న గురించే రాస్తాను. నా ఉద్యోగమంతా నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదొక్కటే. గుండె ఆపరేషన్ అంటే ఎవరిదో నెత్తురు ఎక్కించాల్సిందేనా? ఎందుకు ఎక్కిస్తాం? ఎక్కించకుండా ఎంతదూరం పోగలం?

ముందు యంత్రం సంగతి. గుండెకు కుట్లు వెయ్యాలంటే అది కదలకుండా ఉండాలి. అంతసేపూ రోగి ఒంట్లోని నెత్తురు గొట్టాల గుండా యంత్రంలోకి వచ్చి, అక్కడ ప్రాణవాయువు పట్టించుకొని మళ్లీ ఒంట్లోకి పోతుంది. గొట్టాలు ఖాళీగా ఉంటే వాటిలోని గాలి ఒంట్లోకి పోయి మనిషి చస్తాడు. అందుకని ముందే సెలైన్ నింపుతాం. ఆ సెలైన్ రోగి నెత్తురులో కలిసి అది పల్చబడుతుంది. మజ్జిగలో చెంబుడు నీళ్లు పోస్తే మజ్జిగ తగ్గిపోలేదు కదా, పల్చబడింది. ఈ చిన్న విషయం నా తలకెక్కడానికి ఒక మనిషి ప్రాణం పోవాల్సి వచ్చింది.

నాలుగు బ్యాగులు తెస్తేనే తేదీ

నేను పని నేర్చుకుంది రాష్ట్రం ఎల్ల దాటాక ఒక నగరంలో, ఒక పెద్ద ఆసుపత్రిలో. పేరు రాయను. రోగి తరఫున నలుగురు వచ్చి నెత్తురు ఇస్తేనే అక్కడ ఆపరేషన్ తేదీ ఇచ్చేవాళ్లు. మన వైపు ఊళ్ల నుంచి జీపులు మాట్లాడుకొని మనుషుల్ని తెచ్చేవాళ్లు. తాము ఇచ్చిందే తమ మనిషికి ఎక్కుతుందని వాళ్ల నమ్మకం. అది బ్లడ్‌బ్యాంకులో అన్నిటితో కలిసిపోతుందని మేం విడమర్చి చెప్పేవాళ్లం కాదు. తెచ్చింది ఎక్కించలేదంటే ఊరుకునేవాళ్లు కాదు. పెళ్లిలో తాము పెట్టిన చదివింపులు తిప్పి పంపినంత కోపం వచ్చేది వాళ్లకు. దాంతో మాకూ ఒక అలవాటు పట్టుకుంది. ఉంది కదా, ఎక్కించెయ్.

పుంగనూరు నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. గుండె నరాలకు బైపాస్. నలుగుర్ని తెమ్మంటే ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒక బస్సు నిండా వచ్చేశారు. ముందురోజు నేను యంత్రం గురించి చెప్పడానికి పోతే, ఆయన కిటికీలోంచి వాళ్లను చూపించి నవ్వాడు.

"సూడమ్మా, వాళ్లలో ఒక్కనికీ నూటికి నలభై దాటలేదు. వాళ్ల రగతం ఎక్కిస్తే నాకుండే లెక్కలు గూడా మర్సిపోతాను."

మరునాడు యంత్రం మీదికి వచ్చాక ఆయన హిమోగ్లోబిన్ చూశాను. ఆపరేషన్‌కు ముందు పన్నెండు పైన ఉన్నది ఏడున్నరకు దిగింది. గట్టిగా చదివాను. ఆపరేషన్ చేస్తున్న పెద్దసారు తల కూడా ఎత్తకుండా "రెండు పొయ్యి" అన్నాడు. పోశాను. పది సెకన్లలో అయిపోయిన నిర్ణయమది.

ఆయన నెత్తురు ఎక్కడా పోలేదు. నేను పోసిన లీటరున్నర సెలైన్‌తో పల్చబడింది, అంతే. ఒంటికి ప్రాణవాయువు బాగానే అందుతోందని మిగతా అంకెలన్నీ చెబుతూనే ఉన్నాయి. వాటిని చదివే తీరిక నాకు లేకపోయింది. సాయంత్రానికి ఆయన ఊపిరితిత్తులు నీరు పట్టాయి. పరాయి నెత్తురు ఒక్కోసారి అలా తిరగబడుతుంది. ఆ రెండు బ్యాగులే కారణమని కాగితం మీద ఎవరూ రాయలేదు. నేను మాత్రం ఐసీయూలో ఆయన మూత్రం సంచీ చూశాను. మొదటి రోజే మూడు లీటర్లు. నేను పోసిన నీళ్లు వాటంతటవే బయటికి వచ్చేశాయి. ఒక్క పూట ఓపిక పట్టి ఉంటే ఆ అంకె దానంతటదే పైకి లేచేది.

వెంటిలేటర్ మీద పద్దెనిమిది రోజులుండి ఆయన పోయాడు. మధ్యలో ఒక రోజు ఆయన భార్య నన్ను వరండాలో నిలేసింది. "అంత మంచి రగతం ఎక్కించినారు కదమ్మా, ఇంకా యాల లేయలేదు?" తల వంచుకొని పక్కనుంచి తప్పుకున్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకు ఆమె ముఖం చూసి జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. ఉత్త పిరికిదాన్ని.

కూరగాయల కాటా

కొన్నాళ్లకు కుప్పం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఆరుముగం అనే సర్జన్ గుండె విభాగం పెడుతున్నాడని తెలిసి అక్కడికి మారాను. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఎవరితోనో పోట్లాడుతున్నట్టు మాట్లాడే మనిషి. మొదటి వారంలోనే నన్ను నిలబెట్టి అడిగాడు.

"ఏమ్మా ఎస్తేరూ, నెత్తురు పోయింది, నెత్తురు పోయింది అంటారు అందరూ. ఎక్కడికి పోయింది? కాళ్లొచ్చి నడుచుకుంటూ పోయిందా?"

నేను చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకని అడిగి మా అమ్మ చేత మొట్టికాయలు తిన్నదాన్ని. అలాంటి మనిషి నాకు బాసుగా దొరికితే ఇంకేం కావాలి? ఆ ఆదివారమే మదనపల్లెలో టమాటా మార్కెట్ పక్కనున్న అంగట్లో కూరగాయలు తూచే చిన్న కాటా ఒకటి కొన్నాను. థియేటర్‌లో నెత్తురు అద్దే గాజుగుడ్డలు వాడకముందు తూచి, వాడాక తూచాను. బకెట్లోకి సక్షన్ గొట్టం లాగినదంతా కొలిచాను. ఆపరేషన్ అయ్యాక యంత్రం గొట్టాల్లో మిగిలిపోయేదాన్ని సీసాల్లో పట్టి చూశాను. అబ్బో, కళ్లు తిరిగాయి. పాత ఆసుపత్రిలో ఆ మిగిలినదాన్ని సింకులో పారబోసి, పైనుంచి కొత్త బ్యాగు వేలాడదీసేవాళ్లం! రోగి సొంత నెత్తురు, గంట కిందటిదాకా ఆయన ఒంట్లో తిరిగింది.

అన్నిటికంటే వింత ఐసీయూలో బయటపడింది. రక్తపరీక్షల కోసం ఒక రోగి నుంచి రోజంతా తీసిన గొట్టాలన్నీ వరసగా పెట్టి చూస్తున్నాను. అక్కడి నర్సు నవ్వింది.

"ఏంది ఎస్తేరక్కా, ఖాళీ సీసాలు ఏరుకుంటాండావు? పాత సామాన్ల అంగడి పెడతావా?"

"నువ్వు ఒక్క మనిషి నుంచి పొద్దుటి నుంచి ఎంత తీశావో తెలుసా? పెద్ద టీ గ్లాసెడు."

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. ఒక పక్క పరీక్షలకని గ్లాసెడు తీస్తున్నాం, ఇంకో పక్క తగ్గిందని బ్యాగు ఎక్కిస్తున్నాం. ఆ వారం నుంచే పసిపిల్లలకు వాడే చిన్న గొట్టాలు తెప్పించాం. ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో ఇదే మొదటిదని ఇప్పటికీ అనుకుంటాను, చూడబోతే ఎంత చిన్నది!

మిగతావి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. యంత్రాన్ని ఆపరేషన్ బల్లకు దగ్గరగా జరిపి గొట్టాలు పొట్టి చేశాం, సెలైన్ తక్కువ పడుతుందని. ఆరుముగం సారు రెండుసార్లు దాన్ని తన్నుకొని తూలి, అరవంలో తిట్టి, అక్కడే ఉంచమన్నాడు. యంత్రం మొదలుపెట్టే ముందు రోగి నెత్తురునే గొట్టాల్లోకి మెల్లగా రానిచ్చి, దాని ముందున్న సెలైన్‌ను పక్క సంచీలోకి తీసెయ్యడం నేర్చుకున్నాం. గడ్డకట్టిన నెత్తురు తొందరగా కరిగిపోకుండా ఆపే మందు వాడాం. కారినదాన్ని పీల్చి, కడిగి తిరిగి ఎక్కించే యంత్రం కూడా చివరికి వచ్చింది. కానీ వీటన్నిటికంటే పెద్ద మందు ఆరుముగం సారు ఓపిక. ఎదురొమ్ము మూసే ముందు ఎక్కడ ఒక చుక్క ఊరుతున్నా కదిలేవాడు కాదు. మత్తు డాక్టర్లు గడియారం చూస్తే, "అది ఆగేదాకా నేను ఆగుతా. ఆకలేస్తే మీరు పోయి తినండి" అనేవాడు.

ఇక్కడ నా ఇంకో తప్పు కూడా చెప్పాలి. లేకపోతే నేనేదో ఉద్ధరించేశానని మీరు అనుకుంటారు. నెత్తురు మిగిల్చే పిచ్చి ఒకసారి తలకెక్కాక మనిషి పిసినారి అవుతాడు. గుర్రంకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకు ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ బాగా దిగింది. గుండె పరుగెడుతోంది, ఈసీజీ మారుతోంది. నేను "ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం" అంటూ పక్కనున్న చిన్న డాక్టర్ని ఆపాను. వరసగా యాభై మందికి బ్యాగు అక్కర్లేకుండా లాక్కొచ్చాం, ఈయన దగ్గర ఆ వరస తెగుతుందని నా బాధ. ఛీ! ఆరుముగం సారు వచ్చి చూసి, బ్యాగు ఎక్కించి, నన్ను బయటికి పిలిచాడు.

"నెత్తురు మిగల్చమన్నాను. మిగిల్చి మనిషిని పోగొట్టుకోమన్నానా?"

ముసలాయన గంటలో తేరుకున్నాడు. ఆ రోజు నుంచి సారు నాకూ, ఆ చిన్న డాక్టరుకూ కలిపి ఒక నియమం పెట్టాడు. ఎక్కించాలన్నా, వద్దన్నా కారణం చెప్పు, అంకె చెప్పొద్దు. ఈ పనిలో నాకు దొరికిన చదువంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

పచ్చి బియ్యం

సోమల మండలం నుంచి రెడ్డెమ్మ వచ్చింది. ముప్పై ఆరేళ్లు, నలభై ఒక్క కిలోలు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం గుండె కవాటాన్ని బిగించేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కవాటం మార్చకపోతే రెండేళ్లు బతకడం కష్టమని సారు చెప్పేశాడు. హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదు. ఇక్కడిదాకా మాకు మామూలే. మామూలు కానిది బ్లడ్‌బ్యాంకులో బయటపడింది. గ్రూపు కలిసిన ప్రతి బ్యాగునూ ఆమె నెత్తురుతో కలిపి చూస్తే ముద్దలు కట్టేస్తోంది. కాన్పులప్పుడు రెండుసార్లు నెత్తురు ఎక్కించారట. పరాయి నెత్తురు మీద ఆమె ఒళ్లు అప్పటి నుంచీ పగబట్టి ఉంది. తెలియక ఏ బ్యాగు ఎక్కించినా ప్రాణం మీదికే వస్తుంది.

భర్త మునిరత్నం టమాటా రైతు. చొక్కా చెయ్యి పైకి మడుచుకొనే వచ్చాడు. "నాది తీసుకోండమ్మా. ఎంత గావల్లంటే అంత." ఆయనది అసలే పడదని చెప్పాల్సి వచ్చింది. కడుపులో బిడ్డ తండ్రి నెత్తురు గుణాలు తెచ్చుకుంటుంది, వాటి మీదే తల్లి ఒళ్లు తిరగబడి ఉండొచ్చు. ఎంత మెల్లగా చెప్పినా ఆయన ముఖం చిన్నబోయింది.

"పద్దెనిమిదేండ్లు ఒకే సట్టిలో సంగటి తిన్నాము కదమ్మా. నా రగతం యాల పడదు ఆమెకి?"

తోడబుట్టినవాళ్లది కలిసే అవకాశం ఎక్కువ. రెడ్డెమ్మకు ఒక చెల్లెలుంది, గంగులమ్మ, కుప్పం దగ్గరే ఇచ్చారు. ఆమెది కలిసింది! అందరం ఎగిరి గంతేశాం. మరుక్షణం ఆమె హిమోగ్లోబిన్ చూస్తే తొమ్మిది. నెత్తురు ఇవ్వాలంటే పన్నెండున్నరైనా ఉండాలి. అక్కకు లేదు, ఇవ్వాల్సిన చెల్లికీ లేదు.

ఎందుకు లేదు? ఇద్దరూ కూలికి పోతారు, రాగిసంగటి తింటారు, ఆకుకూర తింటారు. ఏడాదిగా రెడ్డెమ్మకు ఐరన్ మాత్రలు కూడా ఇస్తున్నారు. మరి ఎక్కడికి పోతోంది? ఆ మధ్యాహ్నం నేను ఆమె మంచం దగ్గరికి పోయేసరికి కొంగు ముడిలోంచి ఏదో తీసి నోట్లో వేసుకుంటోంది. చూస్తే పచ్చి బియ్యం.

"ఏం రెడ్డెమ్మా, ఇట్ల బియ్యం తింటివి, నీ పెళ్లికి వాన పడిందా?"

"పందిరే కొట్టుకపాయె మా!" అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతూ. "ఏం జేసేది? నోరు ఊరికే ఉండదు. మా సెల్లి బలపాలు తింటాది. మాయమ్మ గూడా ఇట్లే బియ్యం నమిలేది."

ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లకు పచ్చి బియ్యం, బలపాలు, మట్టి మీద అలా మనసు పోతుంది. అమ్మ నుంచి ఉంది ఈ కొరత. మరి మాత్రలు?

"మాత్ర ఎట్ల మింగుతావు?"

"టీతోనే మా. నీళ్లతో మింగితే వాంతికొస్తాది."

టీతో మింగితే ఆ ఇనుము ఒంటికి చాలావరకు పట్టదు. అదే చెప్పాను. రెడ్డెమ్మ కాసేపు ఆలోచించింది. "అట్లయితే ఏడాది మాత్రలన్నీ టీనే తినేసిందా?"

ఏడాదిగా మాత్రలు రాసినవాళ్లలో ఒక్కరూ దేనితో మింగుతున్నావని అడగలేదు. నేనూ అంతకుముందు ఎవర్నీ అడగలేదు. గుండెను ఆపి, మళ్లీ ఆడించే మొనగాళ్లం! ఒక కప్పు టీ సంగతి మాకు తెలియలేదు.

సారు ఆపరేషన్‌ను రెండు నెలలు వెనక్కి తోశాడు. ఆయాసానికి మందులిస్తూ, అక్కాచెల్లెళ్లు ఇద్దరికీ నరం గుండా ఇనుము ఎక్కించాం. నులిపురుగులకు మాత్రలు వేశాం. గంగులమ్మ ప్రతి సోమవారం బస్సెక్కి వచ్చి చెయ్యి చాపేది. "నా అంకె ఎంతైంది మా?" అని తలుపులోంచే అడిగేది. పది దాటింది, పదకొండు దాటింది. పన్నెండున్నర దాటిన రోజు ల్యాబ్ ముందు చేతులు రెండూ పైకెత్తి గంతేసింది. ఆ తర్వాత మూడు రోజులకు నెత్తురు ఇచ్చింది. దగ్గరి రక్తసంబంధీకులది రేడియేషన్ పట్టించాకే ఎక్కించాలి కాబట్టి దాన్ని వేలూరుకు పంపి ఆ పని చేయించుకొచ్చాం. రెడ్డెమ్మ అంకె అప్పటికి పదకొండు దాటింది.

లెక్క అంతే. ఒక ఆపరేషన్, ఒక బ్యాగు. రెండోది ఈ భూమ్మీద ఎక్కడుందో మాకు తెలియదు.

కారణం చెప్పు, అంకె చెప్పొద్దు

ఆ పొద్దున ఆ బ్యాగును థియేటర్ పక్కనున్న ఫ్రిజ్‌లోనే పెట్టించాను. మత్తు ఇచ్చే ముందు రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మా సెల్లిది యాడుండాది మా?" తలుపు తెరిపించి, ఫ్రిజ్‌ను చూపించాను. తల ఊపి కళ్లు మూసుకుంది.

నలభై ఒక్క కిలోల మనిషిలో ఉండే నెత్తురే కొంచెం. పిల్లలకు వాడే పొట్టి గొట్టాలు బిగించాను. సెలైన్ వీలైనంత తీసేశాను. అయినా గుండెను ఆపడానికి వాడే మందు నీళ్లు, లోపల కడిగే నీళ్లు అన్నీ చేరి నెత్తురు పల్చబడుతూ వచ్చింది. ఎనిమిదిన్నర. ఏడున్నర. పాత కవాటం కోసి తీసి, కొత్తదానికి కుట్లు సగం వేసేసరికి ఆరు పాయింట్ ఎనిమిది.

మత్తు డాక్టరు నవ్య కొత్తగా వచ్చిన పిల్ల. తెలివైనది. "సార్, ఏడు దాటి కిందికొచ్చింది. బ్యాగు తెప్పించనా?"

సారు కుట్టు ఆపలేదు. "ఎస్తేరమ్మా, కారణముందా?"

తొందరపడి పోస్తే ఉన్న ఒక్కటీ అయిపోతుంది, ఆ తర్వాత నిజంగా నెత్తురు కారితే చేతిలో ఏమీ ఉండదు. పొయ్యకుండా మొండికేస్తే మెదడో, కిడ్నీయో దెబ్బతినొచ్చు. పుంగనూరు మాస్టారు, గుర్రంకొండ ముసలాయన ఇద్దరూ నాకు ఒక్కసారే గుర్తొచ్చారు. చేతులు యంత్రం మీద ఉంచి ఒక్కొక్కటీ చూశాను. ఒళ్లంతా తిరిగి వచ్చిన నెత్తురులో ఇంకా ప్రాణవాయువు మిగిలే వస్తోంది, అంటే ఒంటికి కావాల్సింది అందుతోంది. నుదుటి మీద అంటించిన పట్టీ మెదడు బాగుందంటోంది. మూత్రం వస్తోంది. ప్రాణవాయువు అందనప్పుడు పెరిగే ఆమ్లం పెరగలేదు.

"కారణం లేదు సార్. అంకె ఒక్కటే ఉంది. నీళ్లు లాగుతాను. పదిహేను నిమిషాలివ్వండి."

"మారితే?"

"మారిన నిమిషమే అడుగుతాను."

యంత్రానికి జల్లెడ గొట్టం తగిలించి నెత్తురులోంచి నీళ్లు తీయడం మొదలుపెట్టాను. నవ్య ప్రతి రెండు నిమిషాలకూ అంకెలు చదివింది. అన్ని అంకెలూ చదివింది, అది నాకు నచ్చింది. ఏడు. ఏడు పాయింట్ మూడు. గుండె మళ్లీ కొట్టుకునే వేళకు ఏడు పాయింట్ తొమ్మిది. గొట్టాల్లో మిగిలినదంతా చుక్క పోకుండా ఆమెకే తిప్పి ఎక్కించాం.

అప్పుడు కుట్టు వెనకాల ఎక్కడో ఊరడం మొదలైంది. సారు గుడ్డ అదిమిపెట్టి నిలబడ్డాడు. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. తీసి చూశాడు, ఇంకా ఊరుతోంది. మళ్లీ అదిమాడు. నేను రెండుసార్లు ఫ్రిజ్ తలుపు దాకా పోయి వచ్చాను. అబద్ధం ఎందుకు, మూడోసారి హ్యాండిల్ మీద చెయ్యి కూడా వేశాను. అంతలో వెనకాల నుంచి సారు గొంతు వినిపించింది. "ఆగింది."

ఎదురొమ్ము మూసేటప్పటికి ఎనిమిదిన్నర. ఐసీయూలో చిన్న గొట్టాలతో, రోజుకు రెండేసార్లు పరీక్ష. మూడో రోజు లేచి కూర్చుంది. ఐదో రోజు వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, ఆయాసం రాలేదని తనే నమ్మలేక మళ్లీ ఒకసారి నడిచింది. మునిరత్నం గోడకు ఆనుకొని చూస్తూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఎనిమిదో రోజు

మీరు నేర్చుకునే పద్ధతులు ఇంకా మారతాయి. యంత్రాలు మారతాయి. నేను కత్తిరించిన గొట్టాలకంటే పొట్టివి ఇప్పుడు తయారుగా పెట్టెలో వస్తున్నాయి. అవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి, నేను రాయక్కర్లేదు. ఎనిమిదో రోజు జరిగింది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి రాస్తున్నాను.

రెడ్డెమ్మను ఇంటికి పంపుతున్నాం. గంగులమ్మ అక్క బట్టలు సంచీలో సర్దుతోంది. నన్ను చూడగానే ముఖమంతా వెలిగిపోయింది.

"మా, నా రగతం మా అక్క ఒంట్లో బాగా కలిసిపోయిందా?"

రెండు నెలల సోమవారాలు. బస్సులు. టీ మానేసింది. బలపాలు మానేసింది. కలిసిపోయిందమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ పిల్ల జన్మంతా ఆ తృప్తితో బతికేది. కానీ నెత్తురు విషయంలో ఇక ఎవరికీ అబద్ధం చెప్పకూడదని నేను ఎప్పుడో అనుకున్నాను.

"ఎక్కించలేదు గంగులమ్మా. అవసరం పడలేదు. ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది."

ఆమె చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "అయితే అంతా ఊరికేనా?" అంది.

మంచం మీద నుంచి రెడ్డెమ్మ చెల్లెలి చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఊరికే ఎట్లయితాదే? నీది ఆడ ఉండాదని సూసినంకనే కదా నేను కండ్లు మూసింది."

వరండాలోకి వచ్చాను. ఆ ఫ్రిజ్ ఖాళీగా ఉండి ఉంటే, పదిహేను నిమిషాలు ఆగుదాం అనే మాట ఆ రోజు నా నోటి నుంచి వచ్చేదా? వచ్చేది కాదు. ఈ సంగతి నా లోపలే ఉంచుకోవడం ఇష్టం లేక మళ్లీ వెనక్కి పోయి, తలుపు దగ్గర నిలబడి ఆమెతో అన్నాను.

"మీ అక్కకే కాదు గంగులమ్మా, నాకూ ఆ రోజు నీ బ్యాగే ధైర్యం."